బాబాయిగారి పెట్టె

మా యింట ఒక ఛాయాపటము కలదు. అరచేయంత యుండును. అందు ఇద్దరు యువకులు ఖాకీ దుస్తులు ధరించి, ఒక లారీ ముందుభాగమున కానుకొని నిలిచియున్నారు. ఎడమప్రక్క నున్నవాడు మా తండ్రిగారి బాల్యమిత్రుడు. ఆయనను మేమందరమును బాబాయిగారని పిలిచెడివారము. కుడిప్రక్క నున్నవాడెవరో నేడు చెప్పగలవారు లేరు. చెప్పగల కాగిత మొకటి మొన్నమొన్నటివరకు నుండెను. దానిని చెడగొట్టినవాడను నేనే. ఆ సంగతియే ఈ సాయంకాలము మీతో మనవి చేయదలచితిని. పెద్దలగు మీ యిండ్లలో అటకమీదనో, దేవుని గదిలోనో ఇట్టి పెట్టెలుండక మానవు. నా పొరపాటు మీకు పనికివచ్చునేమో యని నా యాశ.

బాబాయిగారిది మా యూరే. పశ్చిమగోదావరిలో తాడేపల్లిగూడెమునకు కొలదిదూరములో నున్న పల్లె. ఆ ప్రక్కలనే మాధవరమను గ్రామము కలదు. ఇంటింటను సైనికులుండుటచే దానిని మిలిటరీ మాధవరమని లోకులు పిలుతురు. మాధవరమువారికి సైన్యము వంశాచారము. మా యూరివారికి కాదు. 1942వ సంవత్సరము ఏప్రిలు 6వ తేదీన జపానువారి విమానములు విశాఖపట్టణముమీదను, కాకినాడమీదను బాంబులు వేసినప్పుడు మా యూరివారు చేసినదెల్ల రాత్రులు దీపములార్పి కూర్చుండుటయేనట. ఆ యేటనే బాబాయిగారు సైన్యములో చేరిరి. దేశముమీది ప్రేమయా, జీతముమీది ప్రేమయా యని నేనొకప్పుడడిగితిని. "ఆ యేడు ఎద్దు చచ్చిపోయిందిరా" అని ఆయన యిచ్చిన ప్రత్యుత్తరము. యుద్ధము ముగియునాటికి భారతసైన్యము 25 లక్షలకు పెరిగెను. మనదేశమున నిర్బంధముగా సైన్యమున చేర్చు చట్టము లేదు. అందరును తమంతట తాము చేరినవారే. వారిలో ఎందరి యిండ్ల ఎద్దులు చచ్చినవో నాకు తెలియదు గాని, కొన్ని చచ్చియే యుండును.

అక్షరజ్ఞానము కలవాడగుటచే ఆయనను బెంగుళూరు పంపి మద్రాసు సాపర్లలో చేర్చుకొనిరి. సాపర్లనగా తుపాకికంటె పారను ఎక్కువగా పట్టెడి సైనికులు. త్రోవలు వేయుట, వంతెనలు కట్టుట, శత్రువు పాతిన మందుపాతరలను వెదకి తీయుట వారి పని. ఆ దళములో తెలుగువారు, తమిళులు, మలయాళీలు, కన్నడిగులు కలిసియుండిరి. 1944 డిసెంబరులో బర్మాయందు కలేవా యొద్ద చింద్విన్ నదిమీద సుమారు 1150 అడుగుల తేలు వంతెనను సైనిక ఇంజనీర్లు కొలది దినములలో కట్టిరి. నీటిమీద తేలెడి పడవలపై ఇనుపచట్రములను బిగించి కట్టెడి ఆ పద్ధతికి బెయిలీ వంతెనయని పేరు. ఆనాటికి అంత పొడవైనది మరియొకటి లేదు. సైన్యములో నొక భాగము దానిమీదుగా దాటిపోయెను. 1945 మార్చిలో మాండలేయు, మే నెలలో రంగూనును మరల చేజిక్కెను. బాబాయిగారు ఆ నదిలో పనిచేసినవారే. పిల్లలము చుట్టును మూగి యుద్ధము సంగతి చెప్పుమన్నచో, "నీళ్లు చల్లగా ఉండేవిరా" అని మాత్రము చెప్పి గోచి బిగించి పెరటిలోనికి పోయెడివారు.

1946లో తిరిగివచ్చి అయిదు దశాబ్దములు సేద్యము చేసిరి. సంతానము కలుగలేదు. ఆయన పోయిన కొన్నియేండ్లకు పిన్నిగారు నన్ను పిలిచి, ఆకుపచ్చ రంగు పోయిన రేకుపెట్టెను నా ముందుంచి, "నువ్వు చదువుకున్నవాడివి, నీ దగ్గరైతే భద్రంగా ఉంటాయి నాయనా" అనెను. నేను తలయూపి పుచ్చుకొంటిని. ఇప్పుడా మాట తలపునకు వచ్చినప్పుడెల్ల నాకు సిగ్గగుచుండును.

పెట్టెలో మూడు పతకములు, జీతము లెక్క వ్రాసిన చిన్న పుస్తకము, చిమ్మటలు కొట్టిన ఉన్ని జెర్సీ, ఇత్తడి గుండీలు, మా నాయనగారికి బాబాయిగారు వ్రాసిన పదునొకండు జాబులు (వానిని మా నాయనగారే పిన్నిగారికి తిరిగి యిచ్చిరి), ముందు చెప్పిన ఛాయాపటము, ఒక గుడ్డసంచిలో చారెడు విత్తులు, రూపాయలని అచ్చువేసిన కొన్ని నోట్లు. ఈ నోట్లను చూచి మా యింటి కుర్రవాండ్రు లక్షలు వచ్చునని ఉబ్బిపోయిరి. అవి జపానువారు బర్మాను ఆక్రమించిన కాలమున ఆ దేశమునకై అచ్చువేసినవి. వారు ఓడినవెంటనే చిత్తుకాగితములైనవి. తిరిగివచ్చిన సైనికులలో చాలమంది వేడుకకు రెండు మూడు తెచ్చుకొనుటచే నేటికిని విరివిగా దొరకును. మీ యింటనున్నచో దాచుకొనుడు. వానిని నమ్ముకొని అప్పు మాత్రము చేయకుడు.

ఇక నా నేరము. 2009వ సంవత్సరము శ్రావణమాసములో విడువక ముసురు పట్టెను. పెట్టె తెరచి చూడగా జాబులమీద తెల్లని బూజు కనబడినది. పైనున్న జాబును బల్లపై పరచి, తడిగుడ్డ పిండి, మెల్లగా తుడిచితిని. రెండుసార్లు తుడువగానే బూడిదరంగు అక్షరములు ఊదారంగున విచ్చుకొని, ఒకదానిలో నొకటి కలిసి, నా కన్నులయెదుటనే మడుగు కట్టినవి. అయిదు పంక్తులు పోయినవి. ఆ జాబుతోడనే ఛాయాపటము మా నాయనగారికి వచ్చినది. ప్రక్కనున్నవాని పేరు, ఊరు ఆ పంక్తులలో నున్నవి. అంతకు పూర్వమొకమారు చదివితిని గాని, పేరు జ్ఞాపకముంచుకొనలేదు. కాగితము ఉన్నది గదా యనుకొంటిని. తరువాతి జాబులో పేరు లేదు. "ఫొటోలోని మనవాడు కొండల్లో పోయినాడు" అని మాత్రమున్నది. ఆ క్రింద ఒక మాటను సెన్సారు అధికారి నల్లసిరాతో పూర్తిగా కొట్టివేసెను. బాబాయిగారు నోటితో చెప్పినప్పుడును, "కొహిమా రోడ్డుమీద మావాడొకడు పోయాడు" అనియే గాని పేరెత్తెడివారు కారు.

అక్షరములెందుకట్లు కరిగినవో తరువాత తెలిసికొంటిని. అది మామూలు పెన్సిలు కాదు, కాపీయింగు పెన్సిలు. మామూలు పెన్సిలులో నల్లసీసమను పేరుగల గ్రాఫైటును, మట్టియు నుండును. దీనిలో ఆ రెంటితోపాటు నీటిలో కరగెడి ఊదారంగు కలుపుదురు. పొడిగానున్నంతవరకు వ్రాత బూడిదరంగుననే యుండి ఏమియు తెలియనీయదు. చెమ్మ తగిలిన మరుక్షణము సిరాయై పారును. తడికాగితమదిమి ప్రతి తీసికొనుటకై కచేరీలలో ముందు వాడిరి. సిరాబుడ్డి అక్కరలేకపోవుటచేతను, రబ్బరుతో చెరిపినను పోకుండుటచేతను సైనికులకది ప్రియమయ్యెను. కావున యుద్ధకాలపు జాబులలో పెన్సిలువ్రాత కనబడినచో అది కాపీయింగు పెన్సిలే యనుకొనుడు. పరీక్షింతమని వ్రేలు తడిచేసి తాకకుడు. బూజు పట్టినప్పుడు చేయవలసినది తుడుచుట కాదు, ఆరబెట్టుట. గాలి యాడెడి నీడలో, శుభ్రమైన గుడ్డమీద, రెండు మూడు దినములు పరచి యుంచినచో బూజు ఎండి పొడియగును. అప్పుడు ముక్కునకు గుడ్డ కట్టుకొని, ఆరుబయట, మెత్తని కుంచెతో ఊడ్చివేయవచ్చును. కాగితము పటుత్వము తప్పినదైనచో అదియును చేయక, ఆరినదానిని ఆరినట్లే మడిచి యుంచుట మేలు.

పతకములకు మరియొకవిధమైన అపాయము పిన్నిగారి భక్తివలన కలిగెను. బాబాయిగారు పోయినది మొదలు ఆమె ప్రతి దసరాకును వానిని చింతపండుతో తోమి, కుంకుమబొట్టు పెట్టి, పూజలో నుంచెను. మన యాడువారు ఇత్తడిబిందెను తళతళలాడించునట్లే వానినిని తళతళలాడించిరి. నక్షత్రాకారము గల పతకములు రెండు రాగిజస్తముల మిశ్రలోహముతో చేసినవి; అందొకటి బర్మా స్టారు. దాని పట్టీమీద నడుమ వెడల్పైన ఎఱ్ఱచారయు, ఇరుప్రక్కల ముదురునీలమును, ఆ నీలము నడుమ సన్నని నారింజచారయు నుండును. గుండ్రని పతకమున ఒకవైపు రాజుగారి తలయు, రెండవవైపు రెండుతలల సర్పాకార జంతువును త్రొక్కి నిలిచిన సింహమును కలవు. బ్రిటీషు సైనికుల నక్షత్రములపై పేర్లు చెక్కలేదు. మన సైనికులవానిపై మాత్రము వెనుకవైపున సంఖ్యయు, పేరును చెక్కిరి. ఏ పతకము ఎవరిదో చెప్పునది ఆ గీతలే. వాని లోతు వెండ్రుకవాసి. చింతపండులోని పులుపు మురికితోపాటు లోహమునుకూడ కొంచెము కొంచెముగా తినివేయును. పీచు దానిని అరగదీయును. తోమిన ప్రతిమారును పేరు కొంత పోవుచుండును. బాబాయిగారి పేరులో ఇప్పుడు సగము చేతివ్రేలికి తెలియునుగాని కంటికి తెలియదు. నల్లబడిన పతకము చెడిపోయిన పతకము కాదని గ్రహింపవలెను. ఆ నలుపు లోహము తనకు తాను కప్పుకొన్న దుప్పటి. పొడి నూలుగుడ్డతో దుమ్ము దులిపి విడిచిపెట్టుడు. చేతిచెమటలోని ఉప్పును లోహమునకు శత్రువే గనుక అంచులు పట్టుకొని యెత్తుడు. పట్టీని ఉదుకకుడు, రంగులు ఒకదానిలోనికొకటి దిగును.

కాగితముల విషయమున మనవారు చేయు ఉపకారములలో మిక్కిలి యపాయకరమైనది లామినేషను. పట్టణములో నెక్కడ పడిన నక్కడ ఆ యంత్రములున్నవి. వేడిచేసిన జిగురుతో కాగితమును రెండు ప్లాస్టికు పొరల నడుమ అతికింతురు. చూచుటకు బాగుగనే యుండును. కాని పాతకాగితములోని ఆమ్లము లోపలనే బందీయై దానిని పండబెట్టును. తీయబోయినచో జాబు పొరతోపాటు చినిగివచ్చును. చినిగినచోట గాజువంటి అంటుటేపు వేయుటయు నట్టిదే. పదియేండ్లకు ఆ టేపు ఊడిపోవును; దాని పసుపుమరక మాత్రము శాశ్వతముగా నిలుచును. గుండుసూదులును, ఇనుప క్లిప్పులును త్రుప్పుపట్టి కాగితమున చిల్లులు వేయును గనుక మెల్లగా తీసివేయుడు. వార్తాపత్రికలలో చుట్టకుడు, ఆ కాగితమే ఆమ్లముతో నిండినది, తాను పసుపెక్కుచు ప్రక్కదానినిగూడ పసుపెక్కించును. కొనదలచినవారికి ఆమ్లములేని కాగితము, పాలియెస్టరు పొరలు పట్టణములలో దొరకును. పీవీసీతో చేసిన మెత్తని కవర్లు, వాసన వచ్చునట్టివి, పనికిరావు. ఇవేవియు దొరకనిచో, గంజి పోవునట్లు పలుమార్లు ఉదికిన తెల్లని నూలుగుడ్డ చాలును. తాటాకు గ్రంథములను మన పూర్వులు గుడ్డలో చుట్టియే కాపాడిరి.

పెట్టె యెక్కడ నుండవలెను? అటకమీద వద్దు, వేసవిలో అక్కడ మాడును, వర్షమునకు మొదట కారునదియు నక్కడనే. నేలమీద వద్దు, చెదలును, చెమ్మయు క్రిందనుండి వచ్చును. బయటిగోడ కానించియు నుంచరాదు. నడిమిగదిలో, బల్లమీదనో, బీరువాలో నడిమి అరలోనో యుండవలెను. గాలిలో చెమ్మ నూటికి 65 పాళ్లు మించినచో బూజు పుట్టుటకు వీలు కలుగునని పండితులు చెప్పుదురు. మన గోదావరిసీమలో వానకాలమంతయు మించియే యుండును. దానికి మనము చేయగలది కొంచెమే. వర్షములలో పెట్టెను తెరువకుండుటయు, కార్తికము దాటిన పిమ్మట పొడిగాలి యున్న దినములలో తెరచి, నీడలో గాలి తగులనిచ్చుటయు చాలవరకు పనిచేయును. ఎండలో పరచు అలవాటు మనవారికి కలదు. పురుగు పోవుమాట నిజమే గాని సిరాయు, ఛాయాపటములును వెలిసిపోవును. ఉన్నిబట్టలకు పురుగు పట్టినచో, గాలి చొరని ప్లాస్టికు సంచిలో గట్టిగా మూటకట్టి, బాగుగా చల్లబడు ఫ్రీజరులో రెండువారములుంచుట నేటి పద్ధతి. బాబాయిగారి జెర్సీకి మా కోడలు ఐసుక్రీముల ప్రక్కన చోటిచ్చినది. బయటికి తీసిన తరువాత ఒకదినము సంచి విప్పరాదు. విప్పినచో చల్లనిబట్టపై నీరు పట్టును. కలరా ఉండలు ఇప్పుడు మ్యూజియములవారు వాడుట మానిరి. ఆ యావిరి మనుష్యులకును మంచిది కాదు.

ఒక్క హెచ్చరిక. తాత తెచ్చెనని తూటాలు, గ్రెనేడులవంటివి దాచుకొన్న కుటుంబములు లేకపోలేదు. ఎనుబదియేండ్లైనను మందు చావదు. తోమవద్దు, కదుపవద్దు, పోలీసువారికి కబురు పంపుడు.

విత్తుల సంగతికి వచ్చెదను. బర్మాలో ఒక పల్లెకు దగ్గర వీరి దళము విడిసియుండగా, ఆ యూరి ముసలమ్మ యొకతె వీరికి అన్నమును, ఆకుకూర వేపుడును పెట్టినదట. నోట పెట్టుకొనగానే బాబాయిగారికి కన్నీరు వచ్చినది: అది గోంగూర. వెదురుమొలకలును, రొయ్యలును వేసి వేపినది గాని, గోంగూరయే. బర్మావారు దానిని చిన్‌బౌంగ్ అందురు; వారి భాషలో చిన్ అనగా పులుపు. మనవారు కోరంగి రేవునుండి పూర్వమెన్నో యేండ్లు ఓడలలో ఆ దేశమునకు పోయియుండిరి. ఆ రేవు పేరునుబట్టియే అక్కడ మనవారిని కోరంగీలని పిలిచెడివారు. 1942లో జపానువారు రాగా లక్షలకొలది భారతీయులు బర్మాను విడిచి, వారిలో ఎందరో అడవిత్రోవల కాలినడకన వచ్చిరి. దారిలో చచ్చినవారు వేలకొలది. ఆ త్రోవలనే రెండేండ్ల తరువాత మరమ్మతు చేసి, మరల ఆవలికి పోయినవారిలో బాబాయిగారొకరు. తిరిగివచ్చునప్పుడు ఆ ముసలమ్మ పెరటి గోంగూరవిత్తులు గుప్పెడు జేబులో వేసికొని వచ్చిరి. ఎఱ్ఱని కాడ, చేతివ్రేళ్లవలె చీలిన ఆకు, మన దేశవాళీదానికంటె కొంచెము పులుపెక్కువ.

పెట్టెలోని గుడ్డసంచిని చూచి, ఇవి ఆ విత్తులే యని సంతోషించి, తొలకరిలో విత్తితిని. ఒక్కటియు మొలవలేదు. గోంగూరవిత్తులకు మన తీరపు చెమ్మలో రెండు మూడేండ్లు దాటునప్పటికే జీవము సన్నగిల్లును. జాబువలె దీనిని కట్టి దాచినచో చచ్చును. ఏటేట నేలలో వేసి, కోసికొని తిని, కొన్ని మొక్కలను ముట్టక విడిచినగాని విత్తు బ్రతుకదు. నేను నిరాశపడి కూర్చుండగా, మా వీధి చివరనున్న అత్తగారొకరు, "మీ పిన్నిగారి బర్మా గోంగూరా? మా దొడ్లో ఉంది పద" అనిరి. పిన్నిగారు అడిగినవారికెల్ల విత్తులు పంచెనట. నాలుగిండ్లలో అది యున్నది. ఆ యింటివారిలో ఒకరికి తప్ప దాని కథ తెలియదు.

విత్తు తీయుట తెలియనివారు మీలో నుండరు గాని, నేను చేయు పద్ధతి చెప్పెదను. మొక్కలలో బలమైనవానిని పదింటిని గుర్తుపెట్టి వాని ఆకు కోయను. పొద్దు కురుచయైన పిమ్మట, ఆశ్వయుజ కార్తికములలో అవి పూయును. కాయలు చెట్టుమీదనే గోధుమరంగునకు ఎండి, నెఱ్ఱెవిచ్చుటకు మొదలిడగానే ఉదయమున కోసి, నీడలో ఆరబెట్టి, దులిపి, జల్లించిన పొడిబూడిద కలిపి, సీసాలో మూతబిగించి, చల్లనిచోట నుంచుదును. ఒక వంతు నా యింట, ఒక వంతు మా చెల్లెలి యింట. జాబుల నకళ్లకును ఈ సూత్రమునే పాటించుచున్నాను: ప్రతి కాగితమును పగటివెలుతురున, నీడపట్టున, కుర్రవానిచేత ఫోనుతో ఫొటో తీయించి, రెండిండ్లలో భద్రపరచితిమి. నేను తడిగుడ్డ పట్టుటకు ముందే ఈ పని చేసియుండినచో నేడు మీతో ఈ ప్రసంగమే యుండెడిది కాదు.

2018 డిసెంబరులో ఆ ఛాయాపటమునకు నకలు తీసికొని కొహిమాకు ప్రయాణమైతిని. తాడేపల్లిగూడెములో రైలెక్కి, హౌరాలో మారి, గౌహతి మీదుగా దీమాపూరు చేరుసరికి నా మోకాళ్లు రెండును నన్ను తిట్టుచుండెను. అచ్చటినుండి కొహిమాకు డెబ్బది కిలోమీటర్లకు పైబడిన కొండరోడ్డు. నాగాలాండు ప్రవేశమునకు ముందుగా అనుమతిపత్రము తీసికొనవలెను. ఆ రోడ్డుననే కదా మావాడు పోయినదని కిటికీలోనుండి చూచుచు కూర్చుంటిని. 1944 ఏప్రిలు మొదలు జూనువరకు అచ్చట ఘోరమైన పోరు జరిగినది. జపానుసైన్యమును ఆ కొండమీదనే నిలిపివేసిరి.

శ్మశానవాటిక ఊరినడుమ కొండవాలున, మెట్లుమెట్లుగా నున్నది. 1420 సమాధులు. ఒక్కొక్క రాతిపై కంచుఫలకము, ప్రతిరాతి ముందును ఒక పూలమొక్క. వానచినుకు మట్టిమీద పడి ఫలకముపై చిందకుండ రాతిమొదట మొక్కలు పెంచుట వారి యేర్పాటు. అందమునకు అందము, కాపునకు కాపు. మెట్లనడుమ నొకచోట టెన్నిసు ఆటస్థలపు గీతలను తెల్లని సిమెంటుతో గుర్తించిరి. ఇరుపక్షములవారును ఆ ఆటస్థలమునకు ఈవల ఆవల నుండి పోరాడిరి. దాని ప్రక్క ఒక చెఱ్ఱీచెట్టు. దానిమీద జపాను తుపాకివాడు కూర్చుండి కాల్చుచుండెనట. పోరులో చెట్టు నాశమయ్యెను. దాని మోడునుండి వచ్చిన చిగురే నేటి చెట్టని అక్కడ ఫలకమున వ్రాసియున్నది. తోటపనివాడు దాని పాదు త్రవ్వుచుండెను. భాష తెలియక మేమిద్దరము నవ్వుకొంటిమి.

పైమెట్టున హిందూ, సిక్కు సైనికుల దహనస్మారకము. 917 పేర్లు. ఎవరినైనను వెదకవలెనన్నచో, 1917లో స్థాపితమైన యుద్ధసమాధుల కమిషనువారు రెండు మహాయుద్ధములలో మరణించినవారి వివరములను పేరుతో చూచుకొనుటకు ఇంటర్నెట్టులో ఉచితముగా నుంచిరి. రెండవ యుద్ధమున చనిపోయిన భారతసైనికులు సుమారు 87 వేలు. మీ యూరివాడు, మీ వంశమువాడు అందున్నచో, తండ్రిపేరుతోను ఊరిపేరుతోను సహా కొన్నియెడల కనబడును. కావలసినది ఒక్క పేరు. నా కదే లేదు. ఆ గోడముందు గంటసేపు నిలిచి, ప్రతిపేరును చదివి, ఫొటోలోని ముఖమునకు ఒక్కొక్క పేరును తగిలించి చూచితిని. ఏ పేరు పెట్టినను అతడు అట్లే నవ్వుచుండెను. బర్మాలోని తౌక్యాన్ వద్ద ఇంచుమించు 27 వేల పేర్లతో మరియొక స్మారకము కలదు. అతని పేరు అక్కడనే యున్నదేమో.

సాయంకాలము బజారులో ఒక నాగా స్త్రీ ఎండబెట్టిన ఆకు కుప్పపోసికొని కూర్చున్నది. చిటికెడు నోట వేసికొంటిని. పులుపు. వారును తిందురట.

తిరిగివచ్చిన పిమ్మట, ప్రాచీనపత్రములను బాగుచేయుటలో ఆరితేరినవారొకరు నా జాబును చూచి ఒక యుపాయము చెప్పిరి. కంటికి కానరాని పరారుణ కిరణములలో ఫొటో తీసినచో, కాపీయింగు పెన్సిలులోని ఊదారంగు అద్దమువలె పారదర్శకమగును. గ్రాఫైటు మాత్రము నల్లగా నిలుచును. రంగు పారినను గ్రాఫైటు చాలవరకు పారదు గదా! అట్లే తీసిరి. మూడు పంక్తులు స్పష్టముగా వచ్చినవి. వానిలో ఎండ, చలి, నీళ్లు, ఎద్దు కొన్నారా యను ప్రశ్న. నాలుగవ పంక్తిలో, నేను గుడ్డతో గట్టిగా రుద్దినచోట, గ్రాఫైటుకూడ లేచిపోయినది. పేరు మొదటి భాగము లేదు. చివర "య్య" అని మాత్రమున్నది. మన సీమలో ఆ కాలపువారిలో సగముమంది పేర్లట్లే ముగియును. ఊరిపేరులో "పాలెం" అని తుదిభాగము నిలిచినది. నిడదవోలునుండి ఏలూరువరకు పాలెములెన్ని!

ఆ ఫొటోలో అతడు బాబాయిగారికంటె బెత్తెడు పొడవు. టోపీ ఎడమచెవిమీదికి వాలియున్నది. ఎడమకనుబొమ్మను చీల్చుచు చిన్న మచ్చ కలదు. కుడిచేతి చిటికెనవ్రేలు కొంచెము వంకర. పటము వెనుక "1943" అని తప్ప ఏమియు వ్రాయలేదు. ఇద్దరును ఒక్కొక్క నకలు ఇంటికి పంపియుందురు గనుక, రెండవది ఆ పాలెములో ఏ యింటనో యుండవచ్చును. మీ పెట్టెలలో ఇట్టి పటమున్నచో వెనుకవైపు త్రిప్పి చూడుడు. పేరున్నచో నాకు తెలియజేయుడు. లేనిచో, ముఖము తెలిసిన పెద్దలు ఇంటనుండగనే, అంచున, మెత్తని మామూలు పెన్సిలుతో, గట్టిగా నొక్కక వ్రాయుడు. కాపీయింగు పెన్సిలుతో వద్దు.